అడిగింది వినిపిస్తోంది, చెప్పింది వినిపించడం లేదు

ప్రశ్న:

నమస్కారమండీ. మాది నెల్లూరు. పెళ్లయ్యాక చెన్నై వచ్చి పెరంబూరులో స్థిరపడ్డాం. అమ్మ పోయాక నాన్నగారు మా దగ్గరే ఉంటున్నారు. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కిందటేడు ఒకరోజు నిద్ర లేచేసరికి ఆయనకు కుడి చెవి వినిపించలేదు. గులిమి అడ్డం పడిందేమో అనుకుని చుక్కల మందు వేస్తూ మూడు వారాలు గడిపేశాం. తర్వాత ఈఎన్‌టీ డాక్టరు చూసి, నరం దెబ్బతింది, ఆ చెవికి మళ్లీ వినికిడి రావడం కష్టమన్నారు. ఎడమ చెవి బాగానే ఉంది.

మా అబ్బాయి ప్లస్ టూ చదువుతున్నాడు. ఇల్లు చిన్నది. అందుకని నాన్నగారు రాత్రిపూట ల్యాప్‌టాప్‌కు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పద్యనాటకాలు, పాత నటుల ఇంటర్వ్యూలు చూస్తుంటారు. "వాళ్లు అడిగింది వినిపిస్తోందమ్మా, ఈయన చెప్పింది వినిపించడం లేదు" అంటుంటే హెడ్‌ఫోన్స్ పాడయ్యాయేమోనని కొత్తవి కొన్నాం. అదే తంతు. స్పీకర్‌లో పెడితే మాత్రం అన్నీ వినిపిస్తున్నాయట. మోనో పెడితే సరిపోతుందని మా అబ్బాయి ఎక్కడో చదివి, బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమవైపుకు జరిపాడు. లాభం లేకపోయింది.

ఇంకో సంగతి. నేను ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. పిల్లల వీడియో పాఠాల యాప్‌కు ప్లేయర్ తయారుచేసేది మా టీమే. అందులో మోనో బటన్ పెడదామని అడిగితే, "ఈ రోజుల్లో మోనో ఎవరికండీ? కావాల్సినవాళ్లకు విండోస్‌లో, ఫోన్‌లో ఉంది కదా" అన్నారు మా లీడ్. ఆయనన్నది నిజమేనా? ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో మోనో జాక్ అని ఒకటి దొరుకుతుందట, అది కొంటే సరిపోతుందా?

పేరు వద్దన్న సోదరి, పెరంబూరు, చెన్నై

జవాబు:

అమ్మా, ముందు ఈ రాత్రికే నాన్నగారికి పనికొచ్చేది చెప్తాను. మీ లీడ్ గారి సంగతి ఆ తర్వాత.

నాన్నగారు అన్న ఒక్క మాటలోనే లోపం ఎక్కడుందో తెలిసిపోతోంది. అడిగేవారి గొంతు వినిపించి, జవాబు చెప్పేవారి గొంతు వినిపించకపోతే అది హెడ్‌ఫోన్స్ తప్పు కాదు. ఇంటర్వ్యూలు తీసేవాళ్లలో చాలామంది ఇప్పుడు రెండు కాలర్ మైకులుండే వైర్‌లెస్ సెట్లు వాడుతున్నారు. ఒకటి యాంకర్‌కి, ఒకటి అతిథికి. సెట్‌ను స్టీరియో మోడ్‌లో ఉంచితే యాంకర్ గొంతు ఎడమ ఛానెల్లో (అంటే ఎడమ చెవికి వెళ్లే భాగంలో), అతిథి గొంతు కుడి ఛానెల్లో విడివిడిగా రికార్డవుతాయి. అలా ఉంచడం మంచిదే. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు దగ్గినా ఎడిటింగ్‌లో ఆ ముక్క ఒక్కటే తగ్గించుకోవచ్చు. కాకపోతే పని పూర్తయ్యాక రెండు గొంతుల్నీ మధ్యలోకి తేవాలి. హడావుడిలో ఆ పని మర్చిపోతారు. ఎడిటింగ్ రూములో స్పీకర్ల మీద వింటే తేడా పెద్దగా తెలియదు, ఫోన్ స్పీకర్‌లో అసలే తెలియదు. వీడియో అలాగే జనంలోకి వెళ్లిపోతుంది. రెండు చెవులూ పనిచేసేవాళ్లు హెడ్‌ఫోన్స్‌లో వింటే "ఏదో ఎబ్బెట్టుగా ఉందే" అనుకుని సర్దుకుపోతారు. మీ నాన్నగారికి మాత్రం అతిథి రానే లేదు.

పద్యనాటకాల వీడియోలదీ ఇదే కథ. వేదిక మీద ఒక పక్క హార్మోనియం, ఇంకో పక్క మైకు ముందు పాత్రధారి. కెమెరా మైకు ఎటు శబ్దాన్ని అటే పట్టుకుంటుంది. రాయబారం పద్యం కుడి పక్క నుంచి వస్తే ఆయనకు హార్మోనియం శ్రుతి బాగా వినిపించి, పద్యం ఎక్కడో పొరుగింట్లో చదువుతున్నట్టు ఉంటుంది. పద్యాలు కంఠతా వచ్చిన తెలుగు మాస్టారికి ఇది ఎంత బాధో ఊహించగలను. సినిమాల్లో సంభాషణలు సాధారణంగా మధ్యలోనే ఉంచుతారు, రెండు ఛానెళ్లలోనూ సమానంగా వస్తాయి. సినిమా చూసేటప్పుడు ఆయన ఫిర్యాదు తక్కువగా ఉంటోందేమో గమనించండి. ఉంటే మన అంచనా సరైనదే.

స్పీకర్‌లో అన్నీ వినిపించడానికి కారణం గది. కుడి స్పీకర్ శబ్దం తలను చుట్టి, గోడలకు కొట్టుకుని ఎడమ చెవికి కూడా చేరుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆ దారి మూసుకుపోతుంది. కుడి ఛానెల్ శబ్దం కుడి చెవి దగ్గరే ఆగిపోతుంది. ఆ చెవి పనిచేయకపోతే రికార్డింగులో సగం ఆయనకు అందదు.

మీ అబ్బాయి ఆలోచన సరైనదే, వాడిన మీట వేరు. బ్యాలెన్స్ అనేది ఒక వైపు శబ్దాన్ని తగ్గిస్తుందే తప్ప దాన్ని రెండో వైపుకు తీసుకురాదు. ఎడమకు పూర్తిగా జరిపితే కుడి ఛానెల్ నోరు నొక్కినట్టే. అతిథి ఉన్నది అక్కడేనాయె! మోనో అలా కాదు. ఎడమ, కుడి రెండింటినీ కలిపేసి, ఆ కలిపినదాన్నే రెండు చెవులకూ పంపుతుంది. కాబట్టి మొదట బ్యాలెన్స్‌ను మళ్లీ మధ్యకు తెచ్చేయండి. ఇది మర్చిపోతే మోనో పెట్టినా ఒక వైపు శబ్దం తక్కువగానే ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో ఆడియో. అక్కడ మోనో ఆడియో అనే మీట ఉంటుంది, ఆన్ చేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, ఆడియో అండ్ విజువల్, మోనో ఆడియో. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాక్సెసిబిలిటీ లోపల వినికిడికి సంబంధించిన విభాగంలో ఉంటుంది, పేరు కంపెనీని బట్టి కాస్త మారుతుంది. సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట మోనో అని కొడితే తొందరగా దొరుకుతుంది. ఇంటర్నెట్‌లో నేరుగా చూసే ఇంటర్వ్యూలకు ప్రస్తుతానికి ఇదే దారి.

డౌన్‌లోడ్ చేసుకున్న ఫైళ్లను వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో చూస్తుంటే మొత్తం ల్యాప్‌టాప్‌ను మార్చనక్కర్లేదు. వీడియో నడుస్తుండగా ఆడియో మెనూలో స్టీరియో మోడ్ తెరిస్తే మోనో కనిపిస్తుంది. పాత వెర్షన్ అయి కనిపించకపోతే టూల్స్ మెనూలో ప్రిఫరెన్సెస్‌కు వెళ్లి, కింద ఎడమ మూలన ఆల్ అనే గుర్తు నొక్కి, ఆడియోలో ఫిల్టర్స్ దగ్గర స్టీరియో టు మోనో డౌన్‌మిక్సర్ అన్నదానికి టిక్ పెట్టి సేవ్ చేసి, వీఎల్‌సీని ఒకసారి మూసి తెరవండి. అదే స్టీరియో మోడ్ మెనూలో లెఫ్ట్, రైట్ అని కూడా ఉంటాయి. అవి మోనో కావు. లెఫ్ట్ అంటే ఎడమ ఛానెల్‌ను మాత్రమే తీసుకుని రెండు చెవులకూ ఇస్తుంది, కుడిది వదిలేస్తుంది. మోనో పడిందో లేదో తెలుసుకోవడం సులువు. ఆయన్ను హెడ్‌ఫోన్స్ అటూ ఇటూ తిప్పి పెట్టుకోమనండి. ఎటు పెట్టుకున్నా ఎడమ చెవికి ఒకేలా వినిపిస్తే పడినట్టే.

మోనో వల్ల నష్టమే లేదని అనను. శబ్దం ఎటు నుంచి వస్తోందన్న సంగతి పోతుంది. అది ఒక్క చెవితో హెడ్‌ఫోన్స్‌లో వినేవారికి ఎలాగూ అందదు కాబట్టి ఆయనకు అది నష్టం కాదు. రెండోది, రెండు ఛానెళ్లలో ఒకే శబ్దం ఒకదానికొకటి వ్యతిరేక దిశలో రికార్డయి ఉంటే, కలిపినప్పుడు ఒకదాన్నొకటి మింగేస్తాయి. కొత్త పాటల్లో గొంతు చుట్టూ విశాలంగా పరుచుకున్నట్టుండే ప్రతిధ్వని, కొన్ని కీబోర్డు శబ్దాలు అందుకే మోనోలో పలచబడతాయి. పాట ఆకారం మాత్రం చెడదు.

ఆయన తరం పాటలకైతే ఆ బెంగ కూడా అక్కర్లేదు. ఘంటసాల పాడిన రోజుల్లో తెలుగు సినిమా పాటలు ఎక్కువగా రికార్డయింది ఈ ఊళ్లోనే, వడపళని, కోడంబాకం చుట్టుపక్కల స్టూడియోల్లో. అప్పట్లో పాటను మోనోలోనే తీసేవాళ్లు. గాయకుడు, వయొలిన్లు, తబలా అన్నీ ఒకే ఛానెల్లో ఎంత మోతాదులో ఉండాలో ఆ ఇంజనీర్లు అక్కడికక్కడే తేల్చేసేవారు. మీ నాన్నగారు ఆ పాటల్ని మోనోలో వింటే, వాటిని తయారుచేసినవాళ్లు ఎలా విన్నారో అలాగే వింటున్నట్టు. ఒక్క జాగ్రత్త ఉంది. మోనో రికార్డుల్ని ఎలక్ట్రానిక్ కిటుకులతో స్టీరియోలా అనిపించేలా మార్చి అమ్మడం 1960ల నుంచీ ఉంది. అలాంటి కాపీల్లో రెండు వైపుల మధ్య చిన్న ఆలస్యం పెట్టి ఉంటే, కలిపినప్పుడు గొంతు డొల్లగా వినిపిస్తుంది. అప్పుడు మోనో తీసేసి వీఎల్‌సీలో లెఫ్ట్ గానీ రైట్ గానీ పెట్టి చూడండి. ఏది బాగుంటే అది.

ఆయనకు మిగిలింది ఒక్క చెవి కాబట్టి దాన్ని కాపాడుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. సగం వినిపించని మనిషి సౌండ్ పెంచుకుంటూ పోతాడు, అది సహజం. మోనో పెట్టాక ఆ అవసరం ఉండదు, పాత అలవాటు కొద్దీ పెంచే ఉంచకుండా తగ్గించి మొదలుపెట్టమనండి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగానికి పడిపోతుంది. ఇంట్లో మాటలు కుడివైపు నుంచి వినిపించక ఇబ్బంది పడుతుంటే క్రాస్ రకం వినికిడి యంత్రం గురించి డాక్టర్‌ను అడగండి. కుడి పక్కన పెట్టిన మైకు శబ్దాన్ని పట్టి వైర్‌లెస్‌గా ఎడమ చెవికి అందిస్తుంది. డాక్టరు ఎంఆర్‌ఐ రాసి ఉంటే మాత్రం వాయిదా వేయకండి. ఒక్క చెవే దెబ్బతిన్నప్పుడు నరం మీద గడ్డ ఏదీ లేదని తేల్చుకోవడానికి అది అవసరం.

ఈ మాట మీకు కాదు, చదువుతున్న మిగతావారికి. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించకపోతే గులిమి అని ఇంట్లో కూర్చోకండి. అది అత్యవసరం. అదే రోజు, కుదరకపోతే మర్నాడు ఈఎన్‌టీ దగ్గరకు వెళ్లండి. స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లోపు పడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం మెరుగు. రోజులు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

ఇక మీ లీడ్ గారి మాట. విండోస్‌లో, ఫోన్‌లో మోనో ఉన్నమాట నిజం. ఇంతకుముందే ఆ దారులు చెప్పాను కూడా. అయినా అది ప్లేయర్‌లో కూడా ఉండి తీరాలని నేను గట్టిగా అంటాను.

మీ ఇంటి ల్యాప్‌టాప్‌నే చూడండి. విండోస్‌లో మోనో పెడితే అది ల్యాప్‌టాప్ మొత్తానికీ వర్తిస్తుంది. ఆదివారం మీ అబ్బాయి గేమ్ ఆడదామని కూర్చుంటే శత్రువు అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియక తీసేస్తాడు. సోమవారం రాత్రి తాతగారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మళ్లీ సగమే. పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న మనవణ్ణి పిలిచి ఆ సెట్టింగ్ మళ్లీ పెట్టమని అడగడానికి ఆయనకు మొహమాటం. వినిపించినంత విని లాప్‌టాప్ మూసేస్తారు. ఒకే పరికరాన్ని ఇంటిల్లిపాదీ వాడుకునే మన ఇళ్లలో ఇది రోజూ జరిగేదే. ప్లేయర్‌లో సబ్‌టైటిల్స్ పక్కనే ఒక బటన్ ఉంటే ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి ఆటా చెడదు.

రెండో కారణం మీ టీమ్‌కు నచ్చుతుంది, ఎందుకంటే అది పనితనానికి సంబంధించింది. ఫైలులో ఏ ఛానెల్లో ఏముందో ప్లేయర్‌కు తెలుసు, విండోస్‌కు చేరేది చాలాసార్లు అప్పటికే కలిపి వండినదే. 5.1 సౌండ్ (సినిమా హాల్లోలా చుట్టూ వినిపించే ఆరు ఛానెళ్ల శబ్దం) ఉన్న ఫైలులో మాటలు ప్రధానంగా సెంటర్ ఛానెల్లో ఉంటాయి. ప్లేయర్ ముందరి ఎడమ కుడి ఛానెళ్లను మాత్రమే పంపి సెంటర్‌ను వదిలేస్తే, విండోస్ ఎంత శ్రద్ధగా మోనో చేసినా లేని మాటల్ని ఎక్కడి నుంచి తెస్తుంది? సెంటర్‌ను ఎంత మోతాదులో కలపాలి, కలిపినప్పుడు శబ్దం పగలకుండా ఎంత తగ్గించాలి అన్నవి ప్లేయరే సరిగ్గా చేయగలదు.

అన్ని ఫైళ్లకూ మోనో ఒక్కటే మందు కాదన్నది మూడోది. వీసీడీల కాలంలో కరోకే డిస్కుల్లో ఒక ఛానెల్లో వాయిద్యాలు, ఇంకో ఛానెల్లో గొంతు ఉండేవి. వాటికి లెఫ్ట్ గానీ రైట్ గానీ కావాలి. మీ పాఠాల్లోనే చూడండి. మాస్టారు కాలర్ మైకు పెట్టుకుని చెప్పిన పాఠం ఎడమ ఛానెల్లో మాత్రమే రికార్డయి, కుడి ఛానెల్ ఖాళీగా ఉన్న వీడియోలు మీ టెస్టింగ్‌లో తగిలే ఉంటాయి. దాన్ని మోనో చేస్తే రెండు చెవులకూ వస్తుంది, కాని సగం చేసి కలపడం వల్ల 6 డెసిబెల్స్ తగ్గి వస్తుంది. లెఫ్ట్ పెడితే పూర్తి బలంతో వస్తుంది. ఈ వీడియోకు ఇది, ఆ వీడియోకు అది అని మార్చుకోవాలంటే ఆ మీట వీడియో పక్కనే ఉండాలి. ప్రతిసారీ ఫోన్ సెట్టింగ్స్‌లో నాలుగు పేజీలు దాటి ఎవరు వెళ్తారు?

పైగా, ఆ మీట ఉందనే చాలామందికి తెలియదు. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి ఒక చెవి పోయినవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లు తమను వికలాంగులమని అనుకోరు, యాక్సెసిబిలిటీ అనే పేజీ తమ కోసమే అని వాళ్లకు తోచదు. "ఎవరికి కావాలి" అన్న ప్రశ్నకు లెక్కల్లో జవాబు ఎందుకు దొరకదో కూడా ఇక్కడే తెలుస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో బధిరులంటే రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి లోపం ఉన్నవారు. పాక్షికంగా వినిపించేవారంటే రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉన్నవారు. రెండు నిర్వచనాల్లోనూ "రెండు చెవుల్లో" అనే ఉంది. ఒక్క చెవి పూర్తిగా పోయిన మనిషి ఆ జాబితాలోకే రాడు, సర్టిఫికెట్ ఉండదు, లెక్కలోకి రాడు. మీ డేటాలో అలాంటి యూజర్ కనిపించకపోతే ఆయన లేడని అర్థం కాదు, అతన్ని ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం.

వాళ్లొక్కరే కాదు. బీచ్ నుంచి తాంబరం వెళ్లే ఎలక్ట్రిక్ ట్రైన్‌లో స్టేషన్ పేరు వినిపించాలని ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాఠం వినే కుర్రాడున్నాడు. ఒక వైపు వైరు తెగిపోయి, కొత్తది నెలాఖరు తర్వాత కొందామనుకునే హాస్టల్ అమ్మాయి ఉంది. ఒకే ఇయర్‌ఫోన్స్ చెరొక చెవికి పెట్టుకుని పాఠం చూసే అక్కాచెల్లెళ్లున్నారు. స్టీరియోలో వాళ్లిద్దరికీ చెరి సగం పాఠం అందుతుంది. మీ యాప్ వాడేది ఇలాంటి పిల్లలే.

మోనో కాలం చెల్లిన సరుకు అన్న భావన గురించి ఒక మాట. స్టీరియోకు పునాది వేసిన పేటెంట్‌ను ఇంగ్లండ్‌లో ఈఎంఐ ఇంజనీరు అలెన్ బ్లూమ్‌లైన్ 1931లో దాఖలు చేశాడు. దాన్ని రేడియోలోకి తెచ్చినవాళ్లు పాత శ్రోతను వదిలేయలేదు. అమెరికాలో 1961లో ఖాయమైన ఎఫ్‌ఎం స్టీరియో పద్ధతిలో ప్రధాన సిగ్నల్‌గా వెళ్లేది ఎడమ, కుడి కలిపిన మొత్తం, అంటే మోనోయే. ఎడమలోంచి కుడిని తీసేయగా మిగిలిన తేడాను 38 కిలోహెర్ట్జ్ ఉపవాహకం (అదే ప్రసారంలో ఉండే ఇంకో తరంగం) మీద ఎక్కించి పక్కన పంపుతారు. స్టీరియో రేడియో ఉన్నవాడు ఆ తేడాను కూడా పట్టుకుని రెండు వైపుల్నీ విడదీసుకుంటాడు, మామూలు రేడియో ఉన్నవాడికి మొత్తం పాట ఏ లోటూ లేకుండా అందుతుంది. మన దేశంలో మొట్టమొదటి ఎఫ్‌ఎం ప్రసారం మొదలైంది ఈ మద్రాసులోనే, 1977 జులై 23న. ఆనాటి రేడియో పెట్టెకు ఇచ్చిన మర్యాద ఈనాటి మనిషికి ఇవ్వడానికి ఒక బటన్ చాలు. దాన్ని మొదటే ఆన్ చేసి పెట్టమని నేను అనడం లేదు. రెండు చెవులున్నవారికి స్టీరియో ఉండాల్సిందే, గుంపులో ఒక గొంతును వేరుచేసి వినడానికి అదే సాయం.

టీమ్‌కు రాసేటప్పుడు "మోనో కావాలి" అని ఊరుకోకుండా ఏం కావాలో స్పష్టంగా రాయండి. స్టీరియో ఫైలుకు ఎడమ, కుడి కలిపి 0.5తో గుణించాలి. 5.1 ఫైలుకు బ్రౌజర్లు పాటించే వెబ్ ఆడియో ప్రమాణంలో సూత్రం రాసే ఉంది: ముందరి ఎడమ కుడి మొత్తానికి 0.7071, సెంటర్ యథాతథంగా, చుట్టు ఛానెళ్ల మొత్తానికి 0.5. అలా కలిపితే గట్టి చోట్ల శబ్దం హద్దు దాటుతుంది కాబట్టి దాన్ని హద్దులో ఆపే లిమిటర్ ఒకటి ఉండాలి. ఆండ్రాయిడ్‌లో ప్లేయర్ల తయారీకి ఉన్న మీడియా3 లైబ్రరీ వాడుతుంటే ఛానెళ్లు కలిపే ప్రాసెసర్ అందులో తయారుగానే ఉంది. వచ్చిన ఫలితం రెండు చెవులకూ వెళ్లాలి, ఎడమకు మాత్రమే పంపి మోనో అనిపించుకోకూడదు. యూజర్ ఒకసారి పెట్టుకున్నది తర్వాతి పాఠానికి కూడా గుర్తుండాలి. బటన్ మీద మోనో అని మాత్రమే రాస్తే తెలియనివాళ్లు నొక్కరు, "ఒక చెవితో వినేవారికి" అని కింద చిన్నగా రాయించండి.

పరీక్ష మీ చేతిలో పనే. ఎడమ ఛానెల్లో "ఒకటి, రెండు, మూడు", కుడి ఛానెల్లో "నాలుగు, అయిదు, ఆరు" అని మీ గొంతుతోనే రికార్డు చేసిన ఫైలు తయారుచేసుకోండి. బటన్ నొక్కితే ఏ చెవిలో విన్నా ఆరు అంకెలూ రావాలి. రెండో ఫైలులో రెండు ఛానెళ్లలోనూ ఒకే స్వరం పూర్తి గట్టిగా పెట్టండి, కలిపినప్పుడు అది బరబరలాడకూడదు. మూడోదానిలో సెంటర్‌లో మాత్రమే మాట ఉన్న 5.1 ఫైలు. అది వినిపించకపోతే బగ్ రాసేయండి. ఇవి లీడ్ గారి ముందు పెట్టి, ఆయన్నే ఒక వైపు ఇయర్‌ఫోన్ తీసేసి మీ యాప్‌లో రెండు మైకుల చర్చా పాఠం ఒకటి వినమనండి. వాదించే అవసరం తగ్గుతుంది. ఆటలు తయారుచేసేవాళ్ల యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో స్టీరియో, మోనో మార్చుకునే వీలు ఇవ్వాలని ఎప్పుడో రాసి ఉంది, అదీ చూపించండి.

రిచీ స్ట్రీట్ జాక్ సంగతి. మీ ల్యాప్‌టాప్‌కు అది అక్కర్లేదు, పైన చెప్పిన సెట్టింగే మేలు. అక్కడ మోనో పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. కొన్నింటిలో ఎడమ ఛానెల్‌నే రెండు వైపులకూ కలిపి ఉంటారు, అతిథి గొంతు అప్పుడూ రాదు. ఇంకొన్నింటిలో ఎడమ, కుడి వైర్లను నేరుగా ముడేస్తారు. అప్పుడు రెండు యాంప్లిఫయర్లు ఒకదాని మీద ఒకటి తోసుకుంటాయి, శబ్దం చెడుతుంది, పరికరానికీ మంచిది కాదు. మోనో సెట్టింగ్ లేని పాత టీవీ హెడ్‌ఫోన్ జాక్ లాంటి చోట తప్పదనుకుంటే, లోపల రెండు వైపులా రెసిస్టర్లు ఉన్నదే కావాలని అడగండి. డబ్బులిచ్చే ముందు మీరు రికార్డు చేసిన ఆ అంకెల ఫైలును షాపులోనే ఒక చెవితో విని చూడండి. ఆరూ వినిపిస్తేనే కొనండి.